పాత కారులో వైపర్ లింకేజ్ బుష్ మార్చుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

వాన మొదలవుతుంది, వైపర్ స్విచ్ వేస్తారు, బానెట్ వెనక మోటార్ తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది, అద్దం మీద మాత్రం ఒక్క బ్లేడూ కదలదు. లేదా డ్రైవర్ వైపుది మామూలుగా తుడుస్తుంటుంది, రెండోది పడుకున్నచోటే కాస్త వణికి ఊరుకుంటుంది. ఇది చూడగానే చాలామంది మోటార్ పోయిందని తేల్చేసి దాని ఖర్చు లెక్కలేసుకుంటారు. అంత తొందర వద్దు. మోటార్‌కీ వైపర్లకీ మధ్య ఇనప కడ్డీలు ఉంటాయి (ఈ అమరికనే లింకేజ్ అంటారు), ఆ కడ్డీల కీళ్ళలో బొటనవేలి గోరంత ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి, పాత బండ్లలో ముందుగా లొంగిపోయేవి తరచుగా అవే. మామూలు పనిముట్లతో, ఒక పూట ఓపికతో, ఎవరైనా మార్చుకోగలిగిన పని ఇది.

ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ పని రెండోసారి చేయాల్సి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. బుష్ దానంతటది అరిగి పోయిందా, లేక ఇంకేదో పట్టేసి దాన్ని ఊడగొట్టిందా అన్నది చూడకుండా కొత్త బుష్ పెట్టి మూసేయకండి. వైపర్ ఆర్మ్, అంటే బ్లేడుని పట్టుకునే చెయ్యి, కూర్చునే ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే కొత్త బుష్ కూడా అదే దారి పడుతుంది. కిందకి వెళ్ళేకొద్దీ ఈ సంగతి వివరంగా వస్తుంది.

లోపల ఏముంటుంది

ఇక్కడ రాసినదంతా 12 వోల్టుల ఎలక్ట్రిక్ మోటార్ ఉన్న బండ్ల గురించి. ఇంకా పాతకాలపు కార్లలో ఇంజిన్ వ్యాక్యూమ్‌తో నడిచే వైపర్లు ఉండేవి, వాటి అమరిక వేరు.

మోటార్ లోపల తిరిగే భాగం, ఆర్మేచర్, చాలా వేగంగా తిరుగుతుంది, వార్మ్ గేర్ ఆ వేగాన్ని బాగా తగ్గించి, బలం పెంచి బయటి షాఫ్ట్‌కి ఇస్తుంది. ఆ షాఫ్ట్ మీద ఒక చిన్న చెయ్యి బిగించి ఉంటుంది, దాన్ని క్రాంక్ అంటారు. క్రాంక్ కొసన ఒక గుండ్రటి బాల్ ఉంటుంది. పొడవాటి లింక్ రాడ్ చివర ఉన్న రంధ్రంలో బుష్ కూర్చుంటుంది, ఆ బుష్ ఈ బాల్ మీద టక్కున పట్టుకుంటుంది. రాడ్ రెండో కొస వైపర్ ఇరుసుకి ఉన్న లివర్ బాల్ మీద, మళ్ళీ ఇంకో బుష్‌తో, కూర్చుంటుంది. క్రాంక్ గుండ్రంగా తిరుగుతుంటే రాడ్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, ఇరుసు కొంత కోణం మేరకు అటూ ఇటూ తిరుగుతుంది, దాని మీదున్న ఆర్మ్ అద్దాన్ని తుడుస్తుంది. వైపర్ ఇరుసుని ఇక్కడి నుంచి పివట్ అనే అంటాను, విడిభాగాలు అమ్మేవాళ్ళు కూడా ఆ మాటే వాడతారు.

ఏ బుష్ ముందు పోతుందో ఈ అమరికలోనే తెలిసిపోతుంది. పివట్ దగ్గరి బుష్ కొంత కోణం మేరకే అటూ ఇటూ ఊగుతుంది. క్రాంక్ దగ్గరి బుష్ మాత్రం, పాత కార్లలో మోటార్ ఒకే దిశలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ప్రతి తుడుపుకీ పూర్తి చుట్టు తిరగాలి. నిమిషానికి 45 సార్లు తుడుస్తుందనుకుంటే గంట వానలో 2,700 చుట్లు. పైగా చాలా డిజైన్లలో రెండు వైపర్ల బరువూ ఆ ఒక్క కీలు మీదే పడుతుంది. అందుకే కౌల్ (అద్దం కింది ప్లాస్టిక్ కవర్) తీయగానే మీ చూపు ముందుగా వెళ్ళాల్సింది క్రాంక్ దగ్గరికే.

రాడ్లు రెండు రకాలుగా కలిపి ఉంటాయి. కొన్నిటిలో రెండు రాడ్లూ నేరుగా క్రాంక్ నుంచే బయల్దేరి చెరో పివట్‌కి వెళ్తాయి. మరికొన్నిటిలో మొదటి రాడ్ దగ్గరి పివట్‌ని తిప్పుతుంది, అక్కడి నుంచి రెండో రాడ్ దూరంగా ఉన్న పివట్‌ని లాగుతుంది. రెండో రకంలో దూరపు వైపర్ ఒక్కటే ఆగిందంటే తప్పు చాలావరకు మధ్య రాడ్ కీళ్ళలోనే ఉంటుంది, మిగతా అంతా పని చేస్తున్నట్టే.

తప్పు బుష్‌దేనా, ముందు తేల్చుకోండి

బుష్ పూర్తిగా ఊడిపోకముందే చాలా సంకేతాలు ఇస్తుంది. వైపర్ దిశ మారే ప్రతిసారీ టక్ టక్ మని చప్పుడు, బ్లేడు అద్దం పక్క అంచుని కొట్టుకోవడం, ఆపినప్పుడు ఎప్పుడూ ఆగేచోట కాకుండా కాస్త పైనో కిందో ఆగడం, రెండు బ్లేడ్లూ ఒకదాన్నొకటి తగలడం. కీలులో లూజు చిన్నదే అయినా బ్లేడు దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. పివట్ లివర్ 5 సెంటీమీటర్లు, వైపర్ ఆర్మ్ 50 సెంటీమీటర్లు అనుకోండి, కీలు దగ్గర 1 మిల్లీమీటరు లూజు ఆర్మ్ కొసన 10 మిల్లీమీటర్లు అవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. వైపర్లు ఆపి, తాళం తీసేసి, ఆర్మ్‌ని మొదలు దగ్గర పట్టుకుని అద్దానికి సమాంతరంగా అటూ ఇటూ మెల్లగా కదపండి. బాగున్న లింకేజ్ అయితే మోటార్ గేర్ పట్టి ఉంచుతుంది కాబట్టి కొద్దిగా మాత్రమే కదులుతుంది. ఆర్మ్ ఏ అడ్డూ లేకుండా చేతితో పాటే తిరిగిపోతుంటే ఎక్కడో కీలు ఊడింది. అసలు ఏ మాత్రం కదలకపోతే, మోటార్ కూడా మూలుగుతూ ఆగిపోతుంటే, అది పివట్ పట్టేసిన లక్షణం.

బుష్ అనుకుని పొరపడే తప్పులు ఇంకో మూడున్నాయి. మొదటిది ఆర్మ్ నట్టు లూజవడం: ఆర్మ్ మొదట్లో ఉన్న మూత తీసి చూడండి, వైపర్ వేసినప్పుడు లోపలి పివట్ తిరుగుతూ ఆర్మ్ మాత్రం తిరగకపోతే నట్టు బిగిస్తే సరిపోవచ్చు, లేదా ఆర్మ్ లోపలి పళ్ళు అరిగిపోయి ఉండొచ్చు, అప్పుడు ఆర్మ్ మార్చాలి. రెండోది మోటార్ లోపలి గేర్ పళ్ళు రాలిపోవడం: చప్పుడు వస్తుంది కానీ క్రాంక్ తిరగదు. కౌల్ తీసి క్రాంక్‌ని కళ్ళతో చూస్తే ఇది తేలిపోతుంది. మూడోది, చప్పుడు అసలే లేకపోతే ఫ్యూజు, రిలే, వైరింగ్ వైపు వెళ్ళాలి, ఈ పని అనవసరం.

కొత్త బుష్ కొనేముందు

బండి మోడల్, సంవత్సరం చెప్పి అడిగితే కొన్నిసార్లు లింకేజ్ మొత్తం సెట్టు తప్ప విడిగా బుష్ దొరకదని చెప్తారు. నిరాశపడకండి, విడి బుష్‌లు, రిపేర్ కిట్లు కొలతల ప్రకారం కూడా అమ్ముతారు. మీకు కావాల్సినవి మూడు కొలతలు: బాల్ వ్యాసం, రాడ్ రంధ్రం వ్యాసం, రాడ్ రేకు మందం. వెర్నియర్ క్యాలిపర్స్‌తో కొలవండి. బాల్‌ని కొలిచేటప్పుడు తుప్పు తుడిచేసి, రెండు మూడు కోణాల్లో కొలిచి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి, ఎందుకంటే అరిగిన వైపు కొలిస్తే చిన్న బుష్ కొనేస్తారు. అరిగిపోయిన పాత బుష్‌ని కొలిచి కొత్తది కొనడం అస్సలు వద్దు, దాని లోపలి సైజు పెరిగిపోయి ఉంటుంది.

కొన్ని రాడ్లలో బుష్ విడిగా ఉండదు, రాడ్ కొసనే ప్లాస్టిక్ పోసి గట్టిగా కలిపేసి ఉంటుంది. వాటికి పైనుంచి తొడిగే రిపేర్ క్లిప్పులు వస్తాయి, అది కుదరకపోతే రాడ్ మార్చడమే. ఒక బుష్ పోయిందంటే మిగతావి కూడా అదే వయసువి. నేనైతే అన్నిటికీ కలిపి ఒకేసారి తెచ్చుకుంటాను, ఎందుకంటే ఈ పనిలో కష్టమంతా అక్కడి దాకా చేరుకోవడంలోనే ఉంది, బుష్ మార్చడంలో కాదు.

కావాల్సిన పనిముట్లు: 8, 10, 13 మిల్లీమీటర్ల సాకెట్లు, ఎక్స్‌టెన్షన్, ఒక చదునైన స్క్రూడ్రైవర్, నోస్ ప్లయర్, పెద్దగా తెరుచుకునే ప్లయర్, సి క్లాంప్, ప్లాస్టిక్ ట్రిమ్ లీవర్, తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్, 400 నంబరు ఎమరీ పేపర్, తెల్ల లిథియం గ్రీజు, మాస్కింగ్ టేప్, పాత టవళ్ళు రెండు. ఆర్మ్ మొండికేస్తే వైపర్ ఆర్మ్ పుల్లర్ కావాలి. చిన్న సైజు బ్యాటరీ టెర్మినల్ పుల్లర్‌తో కూడా చాలాసార్లు పని జరిగిపోతుంది.

అడుగు 1: వైపర్లను పార్క్ చేసి గుర్తు పెట్టడం

తాళం ఆన్‌లో ఉండగానే వైపర్ వేసి, స్విచ్‌తోనే ఆపండి. మోటార్ లోపల పార్క్ స్విచ్ ఉంటుంది, అది క్రాంక్‌ని ప్రతిసారీ ఒకే చోట ఆపుతుంది. తాళం తిప్పి ఆపితే మోటార్ మధ్యలోనే నిలిచిపోతుంది, తర్వాత ఆర్మ్‌లు ఏ కోణంలో పెట్టాలో తెలియక తికమక పడతారు. లింకేజ్ ఊడిపోయి బ్లేడ్లు ఎక్కడెక్కడో ఉన్నా మోటార్ మాత్రం పార్క్‌లోకి వెళ్ళాలి. బ్లేడ్లు సరైన చోటే ఉంటే అద్దం మీద బ్లేడు పక్కనే మాస్కింగ్ టేప్ అంటించి గీత గీయండి. సరైన చోట లేకపోతే అద్దాన్ని పరీక్షగా చూడండి, ఏళ్ళ తరబడి బ్లేడు ఆగిన చోట సన్నటి చార కనిపిస్తుంటుంది.

ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఈ అడుగు వదిలేయొద్దని గట్టిగా చెప్తున్నాను. వైపర్ మోటార్‌కి గేర్ బలం ఎక్కువ, రాడ్ల మధ్య వేలు ఉండగా ఎవరైనా స్విచ్ తగిలిస్తే వేలు నలిగిపోతుంది. కొన్ని పాత కార్లలో రేడియోకి కోడ్ అవసరం పడుతుంది, అది ముందే చేతిలో పెట్టుకోండి.

అడుగు 2: ఆర్మ్‌లు తీయడం

మొత్తం పనిలో ఓపిక పరీక్షించేది ఇదే. ముందు అద్దం మీద టవల్ మడిచి పరవండి. ఆర్మ్‌లో గట్టి స్ప్రింగ్ ఉంటుంది, బ్లేడు లేని ఆర్మ్ చెయ్యి జారి అద్దం మీద పడితే అద్దం పగులుతుంది.

మూత తీసి, నట్టు విప్పండి, కానీ పూర్తిగా తీయకండి, మర మీద రెండు మూడు చుట్లు ఉంచండి. ఆర్మ్ ఒక్కసారిగా ఎగిరిపోకుండానూ, పుల్లర్ మొన మరని పాడుచేయకుండానూ ఆ నట్టు కాపాడుతుంది. పివట్ పైభాగం కొసకి సన్నబడుతూ, చుట్టూ సన్నటి పళ్ళతో ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి ఉక్కుకీ అల్యూమినియంకీ మధ్య తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతాయి. స్ప్రే కొట్టి ఒక పావుగంట వదిలేసి, ఆర్మ్‌ని అద్దం మీద నుంచి పైకి లేపి, మొదలు దగ్గర పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ పైకి లాగండి. రాకపోతే మళ్ళీ స్ప్రే, మళ్ళీ ఎదురుచూపు, ఆ తర్వాత పుల్లర్. స్క్రూడ్రైవర్ కింద దూర్చి పైకి ఎత్తితే కౌల్ ప్లాస్టిక్ చిట్లుతుంది, బానెట్ పెయింట్ లేస్తుంది. సుత్తితో పివట్ తలమీద కొట్టడం ఇంకా ప్రమాదం, కింద పివట్‌ని పట్టి ఉంచే పోత లోహం పెళుసుగా ఉంటుంది.

కొన్ని ఆర్మ్‌లకి నట్టు ఉండదు, మొదట్లో పక్కకి లాగే చిన్న రేకు లాక్ ఉంటుంది. ఆర్మ్ ఎత్తి ఆ లాక్ లాగితే వచ్చేస్తుంది. ఏది డ్రైవర్ వైపుదో ఆర్మ్ మీద రాసి పెట్టుకోండి, రెండూ ఒకేలా కనిపించినా వంపు తేడాగా ఉంటుంది.

అడుగు 3: కౌల్ తీయడం

అద్దానికీ బానెట్‌కీ మధ్య ఉండే నల్లటి ప్లాస్టిక్ కవర్‌నే కౌల్ అంటారు. ముందు అంచు రబ్బరు లాగేసి, స్క్రూలు, ప్లాస్టిక్ క్లిప్పులు తీయండి. క్లిప్పు మధ్య పిన్ను ముందు పైకి లేపి, తర్వాత క్లిప్పు బయటికి తీయాలి. ఎండకి మాడిన ప్లాస్టిక్ చలిలో మరీ పెళుసుగా ఉంటుంది, బండి కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోండి. వాషర్ నీళ్ళ ట్యూబు కౌల్‌కి తగిలించి ఉంటుంది, దాన్ని ఊడదీసే దాకా కౌల్‌ని గుంజకండి.

కౌల్ తీయగానే, ఇంకేమీ ముట్టుకోకముందే, బ్లోయర్ (కారు లోపలికి గాలి పంపే ఫ్యాన్) గాలి పీల్చుకునే రంధ్రం మీద రెండో టవల్ కప్పండి. నట్టు అందులో పడిందంటే బ్లోయర్ విప్పాల్సి వస్తుంది. అక్కడే పేరుకున్న ఆకులు, మట్టి కూడా ఎత్తేయండి. నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోతే కౌల్ గుంటలో నీళ్ళు నిలిచి, ఆ తడికే పివట్‌లు తుప్పుపడతాయి, మోటార్‌లోకి కూడా నీళ్ళు వెళ్తాయి.

అడుగు 4: ఏ కీలు పోయిందో చూడటం

టార్చ్ వేసి ప్రతి కీలునీ విడివిడిగా చూడండి. ఒక చేత్తో రాడ్ పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కదపండి. బాగున్న కీలు బాల్ మీద నున్నగా తిరుగుతుంది కానీ లూజు ఉండదు. బుష్ చుట్టూ పసుపురంగు పొడి, చీలిక, ఎండిపోయి గట్టిపడిన గ్రీజు కనిపిస్తే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఊడిన బుష్ ముక్కలు గుంటలోనే దొరుకుతాయి, అన్నీ ఏరేయండి.

ఇక ముందే చెప్పిన అసలు పరీక్ష. రాడ్‌ని పివట్ లివర్ నుంచి విడదీసి, లివర్‌ని రెండు వేళ్ళతో తిప్పండి. సులువుగా తిరగాలి. ప్లయర్ పెట్టి బలవంతంగా తిప్పాల్సి వస్తే, గరగరమని అడ్డుపడుతుంటే, బుష్ ఊడటానికి కారణం దొరికినట్టే. రెండు పివట్‌లనీ ఇలాగే చూడండి. పివట్ పైకీ పక్కకీ ఊగిపోతుంటే అది లోపల అరిగిపోయింది, ఆ పివట్ మార్చాల్సిందే.

అడుగు 5: బయటికి తీయాలా, అక్కడే చేయాలా

పోయినది చేతికి అందే చోట ఉండి, పివట్‌లు రెండూ హాయిగా తిరుగుతుంటే, లింకేజ్‌ని బండిలోనే ఉంచి బుష్ మార్చొచ్చు. కానీ కొత్త బుష్‌ని రాడ్‌లోకి నొక్కడానికి మంచి ఆసరా కావాలి, ఇరుకులో అది దొరకదు. నా సలహా అయితే మోటార్, రాడ్లు, పివట్‌లు కలిసిన మొత్తం అసెంబ్లీని బయటికి తీయమనే. సాధారణంగా మూడో నాలుగో బోల్టులు, ఒక వైర్ కనెక్టర్, అంతే. బోల్టుల కింద రబ్బరు బుష్‌లూ వాటి లోపల లోహపు గొట్టాలూ ఉంటాయి, అవి ఎలా ఉన్నాయో తీసేముందే ఒక ఫోటో తీసుకోండి. బయటికి తీసేటప్పుడు అసెంబ్లీని రకరకాలుగా తిప్పాల్సి వస్తుంది, బలం పెట్టకుండా కోణం మారుస్తూ ఉంటే ఒక చోట దారి దొరుకుతుంది.

క్రాంక్‌ని మోటార్ షాఫ్ట్ మీద నుంచి తీయొద్దు. దాని కోణం మీదే పార్క్ స్థానం ఆధారపడి ఉంటుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే షాఫ్ట్ మీదా క్రాంక్ మీదా కలిపి ఒక గీత గీసి, నట్టు తిప్పేటప్పుడు క్రాంక్‌ని స్పానర్‌తో గట్టిగా పట్టి ఉంచండి. అలా పట్టుకోకపోతే బలమంతా మోటార్ లోపలి గేర్ పళ్ళ మీద పడుతుంది.

అడుగు 6: పాత బుష్ తీయడం, బాల్ శుభ్రం చేయడం

రాడ్‌కీ లివర్‌కీ మధ్య చదునైన స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పితే కీలు టక్కున విడిపోతుంది. రాడ్ వంగకుండా బాల్‌కి వీలైనంత దగ్గర్లో పెట్టండి. రాడ్ రంధ్రంలో మిగిలిన పాత ప్లాస్టిక్‌ని కట్టర్‌తో కోసి నోస్ ప్లయర్‌తో లాగేయండి. కోసేముందు బుష్ అంచు రాడ్‌కి ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకోండి, కొత్తది అదే వైపు నుంచి వెళ్ళాలి.

ఇప్పుడు రంధ్రం చూడండి. బుష్ పోయాక కూడా చాలాకాలం నడిపి ఉంటే ఇనుముకి ఇనుము రాసుకుని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తుంది, అందులో ఏ బుష్ పెట్టినా నిలవదు. అలాంటప్పుడు రాడ్ మార్చడమే సరైన పని. బాల్‌ని వైర్ బ్రష్‌తో రుద్ది, ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, గుడ్డతో తుడవండి. గోరుతో తడిమితే గుంటలు తగలకూడదు. గరుకు బాల్ మీద కొత్త ప్లాస్టిక్ ఆకురాయి మీద పెట్టినట్టు అరిగిపోతుంది. బాల్‌ని లివర్‌కి రివెట్ చేసిన చోట కూడా కదిపి చూడండి, అక్కడ లూజుంటే లివర్ ఉన్న భాగమే మార్చాలి.

అడుగు 7: పట్టేసిన పివట్‌ని బాగుచేయడం

పివట్‌లు బాగుంటే ఈ అడుగు దాటేయొచ్చు. బాగాలేకపోతే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. పివట్ పైన ఒక చిన్న సర్‌క్లిప్ (ఇరుసు జారిపోకుండా పట్టే స్ప్రింగు రింగు), దాని కింద వాషర్లు, రబ్బరు రింగు ఉంటాయి. అవి ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఒక గుడ్డ మీద పేర్చండి. సర్‌క్లిప్ తీసేటప్పుడు ఎగిరిపోతుంది, వేలు అడ్డం పెట్టండి. ఇరుసు కిందకి జారి రావాలి. రాకపోతే స్ప్రే కొట్టి, లివర్‌ని కొద్ది కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ, మళ్ళీ స్ప్రే కొడుతూ ఉండండి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టడం కూడా సాయం చేస్తుంది, అయితే ఆ స్ప్రేలు మండే రకం, అందుకని ముందు శుభ్రంగా తుడిచి, ఆవిరి పోయాకే వెచ్చబెట్టండి. మంట మాత్రం అసలే పెట్టకండి.

ఇరుసు బయటికి వచ్చాక తుప్పుని ఎమరీతో తీసి, లోపలి గొట్టాన్ని గుడ్డ దూర్చి తుడిచి, గ్రీజు పూసి, అదే వరసలో బిగించండి. రబ్బరు రింగు ఎండి చీలిపోయి ఉంటే కొత్తది వేయండి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపేది అదే. పైనుంచి నూనె చుక్కలు వేసి సరిపెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పల్చటి నూనె కొన్ని వానలకే కడుక్కుపోతుంది, తుప్పు లోపల అలాగే ఉంటుంది. విప్పి గ్రీజు పెట్టిన పివట్‌కి దానితో పోలికే లేదు.

అడుగు 8: కొత్త బుష్ ఎక్కించడం

బుష్‌ని బాగా వేడి నీళ్ళలో ఐదు నిమిషాలు వేయండి. ప్లాస్టిక్ కాస్త మెత్తబడి చీలకుండా సాగుతుంది. నీళ్ళు తుడిచి, చల్లారేలోపే రాడ్ రంధ్రం మీద సరైన వైపు నుంచి పెట్టి, సి క్లాంప్‌తో నొక్కండి. బుష్ రెండో వైపు బయటికి రావడానికి చోటు కావాలి కాబట్టి రాడ్ అవతలి వైపు, బుష్ కంటే పెద్ద నోరున్న సాకెట్ ఒకటి ఆనించండి. క్లాంప్ తిప్పుతూ బుష్ తిన్నగా దిగుతోందో లేదో చూస్తుండండి, ఒక పక్కకి ఒరిగితే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. పూర్తిగా దిగాక అంచు చుట్టూతా రాడ్‌కి ఆనుకుని ఉండాలి, వేలితో తిప్పి చూస్తే బయటికి రాకూడదు.

బుష్ లోపల తెల్ల లిథియం గ్రీజు కొంచెం నింపండి. కిట్‌తో గ్రీజు ఇచ్చి ఉంటే అదే వాడండి. తర్వాత బాల్ మీద బుష్ ఆనించి, వెడల్పు ప్లయర్ ఒక దవడ లివర్ వెనక, ఒకటి రాడ్ మీద పెట్టి నొక్కండి. టక్ మని శబ్దం వస్తుంది, ఆ శబ్దం వినిపించకపోతే అది పూర్తిగా కూర్చోలేదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలని చూడకండి, ఆ దెబ్బ మోటార్ గేర్ మీదో పివట్ మీదో పడుతుంది. కూర్చున్నాక చేత్తో లాగి చూడండి, మామూలు బలానికి ఊడకూడదు. ఊడితే కొలత తప్పింది, అదే బుష్‌కి వైర్ చుట్టి నెట్టుకురాకండి.

దారిలో ఉండగా ఊడిపోతే కేబుల్ టై చుట్టి కీలుని కట్టడం తెలిసిన ఉపాయమే, ఇంటికి చేరడానికి పనికొస్తుంది. దాన్నే పరిష్కారం అనుకుని వదిలేస్తే టై తెగేది మళ్ళీ జోరువానలోనే, ఎందుకంటే వైపర్ తిరిగేది అప్పుడే కదా.

అడుగు 9: ఆర్మ్‌లు లేకుండా పరీక్ష

అసెంబ్లీని బండిలో పెట్టి, బోల్టులన్నీ చేత్తో మొదలుపెట్టి, పివట్‌లు రంధ్రాల మధ్యలో ఉన్నాయని చూసి, అప్పుడు బిగించండి. కనెక్టర్ తగిలించి, బ్యాటరీ కలపండి. బోల్టులు బిగించకుండా పరీక్షించొద్దు, కొన్ని బండ్లలో మోటార్‌కి ఎర్త్ ఆ బోల్టుల ద్వారానే అందుతుంది.

చేతులు దూరంగా పెట్టి నెమ్మది స్పీడు, తర్వాత ఎక్కువ స్పీడు వేసి చూడండి. రాడ్లు దేనికీ తగలకూడదు, టక్ టక్ చప్పుడు పోయి ఉండాలి. స్విచ్‌తో ఆపి, మోటార్ పార్క్‌కి వచ్చాక తాళం తీయండి. కౌల్ పెట్టేశాక తప్పు కనిపిస్తే మళ్ళీ అన్నీ విప్పాలి, ఈ రెండు నిమిషాల పరీక్ష ఆ బాధ తప్పిస్తుంది.

అడుగు 10: కౌల్, ఆర్మ్‌లు తిరిగి బిగించడం

వాషర్ ట్యూబు ముందు తగిలించి, కౌల్ అద్దం అంచు కింద సరిగ్గా కూర్చుందో చూసి, క్లిప్పులు నొక్కండి. విరిగిన క్లిప్పుల బదులు కొత్తవి వేయండి, లేకపోతే కౌల్ లేచి నీళ్ళు లోపలికి కారతాయి.

పివట్ పళ్ళనీ, ఆర్మ్ లోపలి పళ్ళనీ వైర్ బ్రష్‌తో తుడవండి. ఆర్మ్‌ని టేపు గుర్తుకి సరిగ్గా పెట్టి నట్టు బిగించండి. చాలా కార్లలో ఈ నట్టుకి 15 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఉంటే దాన్నే పాటించండి. మరీ తక్కువైతే మొదటి పెద్ద వానలోనే ఆర్మ్ జారుతుంది, మరీ ఎక్కువైతే ఆర్మ్ పళ్ళు నలుగుతాయి.

అద్దం పొడిగా ఉండగా వైపర్ వేయకండి. నీళ్ళు పోసి, ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా తిప్పి చూడండి. తడి అద్దం మీద, ఎక్కువ స్పీడులో బ్లేడు కాస్త ఎక్కువ దూరం వెళ్తుంది, అందుకని పక్క అంచుకీ బ్లేడుకీ మధ్య, ఆగినప్పుడు కౌల్‌కీ బ్లేడుకీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. తగులుతుంటే ఆర్మ్ తీసి ఒక పన్ను జరిపి పెట్టండి.

బ్లేడు రబ్బరు చిరిగి గట్టిపడి ఉంటే ఇప్పుడే మార్చేయండి. అద్దానికి అతుక్కుని కీచుమనే బ్లేడు బరువంతా మీరు కొత్తగా వేసిన బుష్ మీదే పడుతుంది. మంచు పడే చోట ఉండేవాళ్ళు బ్లేడు అద్దానికి గడ్డకట్టి ఉండగా స్విచ్ వేయకూడదు, ముందు చేత్తో విడిపించాలి. మొదటి వారం తర్వాత ఒకసారి మూతలు తీసి ఆర్మ్ నట్లు మళ్ళీ చూడండి, కొత్తగా శుభ్రం చేసిన పళ్ళ మీద ఆర్మ్ సర్దుకునేసరికి నట్టు కొద్దిగా వదులవుతుంటుంది, పావు చుట్టు బిగిస్తే చాలు.